వృద్ధాప్యంలో మూగజీవి – మన బాధ్యత

(కొండపాక, సిద్దిపేట జిల్లా – జుమా ప్రసంగ పాఠం)

సమస్త స్తోత్రాలు, సకల ప్రశంసలు సృష్టిలోని ప్రతి ప్రాణికీ ఉపాధిని సమకూర్చే అల్లాహ్‌కే శోభిస్తాయి. సర్వలోకాలకు కారుణ్యంగా పంపబడిన అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, ఆయన ప్రియ సహచరులపై అల్లాహ్ శాంతీ శుభాలూ వర్షించుగాక!

ప్రియ ధార్మిక సోదరులారా! ఈ పాఠాన్ని ఇళ్ళలో చదువబోయే తల్లులారా, సోదరీమణులారా! 

ఈ వారం మేము వేరొక అంశంపై ప్రసంగించాలని సంకల్పించాము. అయితే మన జమాఅత్‌కు చెందిన ఒక ఇంటి నుండి ఒక ప్రశ్న వచ్చింది. ఆ ఇంట్లో 14 ఏళ్ళ పిల్లి ఉంది. ఆ ఇంటి పెద్దావిడ చేతి ముద్దలు తిని పెరిగింది. ధాన్యం బస్తాలను, మక్కల బస్తాలను ఎలుకల బారి నుండి ఇన్నేళ్ళు కాపాడింది. ఏడాది కాలంగా అది తన ఒంటిని తాను శుభ్రపరచుకోవడం మానివేసింది. వీపు మీద, తోక మొదట్లో వెంట్రుకలు ఉండలు కట్టాయి. దగ్గరకు వస్తే దుర్వాసన. ఒక్కోసారి పరచిన చాప మీదనే మూత్రం పోస్తోంది. కోడలికి నమాజు చోటు అపరిశుభ్రమవుతుందన్న ఆందోళన. కుమారుడు ఒక ఉపాయం ఆలోచించాడు: గోనెసంచిలో వేసి తీసుకువెళ్ళి రాజీవ్ రహదారి మీద ఏదో ఒక హోటలు దగ్గర విడిచిపెడితే ఎంగిలి మెతుకులైనా తిని బ్రతుకుతుంది కదా అని. అలా చేస్తే పాపమా అని వారు అడిగారు. అడిగి చేయాలనుకోవడమే వారి విశ్వాసానికి నిదర్శనం. అడగకుండానే సంచి మూతి కట్టేవారు మనలో ఎందరో ఉన్నారు.

పిల్లి గురించి జుమా ప్రసంగమా అని కొందరు నవ్వుకోవచ్చు. సూర్యగ్రహణ నమాజులో దైవప్రవక్త (స) కు స్వర్గ నరకాలు చూపబడిన సంగతి మీకు తెలుసు. నరకంలో ఆయన చూసిన దృశ్యాలలో ఒక స్త్రీని ఒక పిల్లి గోళ్ళతో రక్కుతూ ఉండడం కూడా ఉందని హజ్రత్ అస్మా బిన్తె అబూబక్ర్ (రజి) ఉల్లేఖనం ద్వారా బుఖారీ గ్రంథంలో నమోదయింది. పరలోకంలో తూకానికి వచ్చే విషయం మిహ్రాబు ముందు చర్చకు రాదగనిది ఎలా అవుతుంది?

ఆ స్త్రీ వృత్తాంతాన్ని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి), హజ్రత్ అబూ హురైరా (రజి) కూడా ఉల్లేఖించారు. మనమందరం చిన్ననాటి నుండి విన్నదే. కాని వినికిడి ఎక్కువైన చోట ఆలోచన తగ్గుతుంది. ఆమె చేసిన నేరం ఏమిటో ఒకసారి నిదానంగా చూడండి. పిల్లిని కొట్టినట్లు హదీసులో లేదు. విషం పెట్టినట్లు లేదు. ఆమె దానిని బంధించింది. తాను తిండి పెట్టలేదు, నీరు పెట్టలేదు. నేల మీది పురుగూ పుట్రా అయినా తిని బ్రతకమని విడిచిపెట్టనూ లేదు. అంటే ఆమె ముందు రెండు ధర్మబద్ధమైన మార్గాలు ఉన్నాయి: పోషించడం, లేదా స్వయంగా ఆహారం సంపాదించుకోగలిగేలా వదలడం. ఆమె రెండింటినీ మూసివేసింది.

ఇప్పుడు గోనెసంచి ఉపాయాన్ని ఈ హదీసు ముందు నిలబెట్టండి. "మేము బంధించడం లేదు, విడిచిపెడుతున్నాము" అని ఆ కుమారుడు అనవచ్చు. పడుచు పిల్లి విషయంలో ఆ మాటకు కొంత అర్థం ఉండేది. గోడ దూకలేని, ఎలుకను పట్టలేని, పళ్ళు ఊడిన, చూపు మందగించిన 14 ఏళ్ళ పిల్లిని విడిచిపెట్టడమంటే ఏమిటి? దాని కాళ్ళకు తాడు లేకపోవచ్చు. వృద్ధాప్యమే దానికి తాడు. నాలుగు వరుసల రహదారి పక్కన, వీధి కుక్కల మధ్య, తెలియని చోట దించిన ఆ ప్రాణికి నేల మీది పురుగును పట్టే శక్తి కూడా ఉండదు. హదీసులోని స్త్రీ ఇంటి లోపల మూసిన తలుపును మనం ఇంటి బయట మూస్తున్నామంతే. కనుక ఆ ఇంటివారికి మా సమాధానం స్పష్టం: ఇది ధర్మసమ్మతం కాదు. హదీసు ఇచ్చిన రెండవ మార్గం పిల్లి వయసుతో పాటే మూసుకుపోయింది. మిగిలింది మొదటి మార్గమే.

చోటు మారడం వృద్ధాప్యంలో ఎంత భారమో మన మండలం వారికి వేరెవరో చెప్పనవసరం లేదు. మల్లన్న సాగర్ జలాశయం కోసం ఎర్రవల్లి, సింగారం ఖాళీ అయినప్పుడు యువకులు కొత్త కాలనీలో త్వరగానే కుదురుకున్నారు. ముసలివారు మాత్రం పాత ఇంటి గడపను తలచుకుంటూనే ఉన్నారు. పిల్లి మనిషి కన్నా ఇంటిని ఎక్కువగా అంటిపెట్టుకునే జీవి. వాసనను బట్టి, అలవాటైన మూలను బట్టి అది బ్రతుకుతుంది. దాని నుండి ఆ మూలను కూడా తీసివేస్తే దానికి ఇంకేమి మిగులుతుంది?

సోదరులారా! ఉపయోగం తీరిన జంతువును ఏమి చేయాలన్న ప్రశ్న దైవప్రవక్త (స) కాలంలోనే తలెత్తింది. ఒక అన్సారీ తోటలో ఒంటె ఆయనను చూసి మూలిగి కన్నీరు కార్చిందని, ఆయన దాని చెవుల వెనుక భాగాన్ని నిమిరి ఓదార్చారని, దానిని ఆకలితో ఉంచుతూ అలసిపోయేలా పని చేయిస్తున్నందుకు యజమానిని మందలించారని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) ఉల్లేఖనం అబూ దావూద్‌లో ఉంది. ముస్నద్ అహ్మద్‌లోని హజ్రత్ యాలా బిన్ ముర్రా (రజి) ఉల్లేఖనంలో మరొక ఒంటె ప్రస్తావన వస్తుంది. ఏళ్ళ తరబడి దానితో నీళ్ళు తోడించి, అది ముసలిదయ్యాక యజమాని కోసివేయదలచాడు. ఆ ఒంటె ఫిర్యాదును దైవప్రవక్త (స) యజమాని ముందు ఉంచారు. అతడు తన ఉద్దేశ్యాన్ని మానుకున్నాడు. గమనించండి, ఒంటె మాంసం ధర్మసమ్మతం. దానిని కోయడం నిషిద్ధం కాదు. అయినా జీవితమంతా సేవ చేసిన ప్రాణి ముసలితనంలో పొందవలసిన మర్యాద వేరుగా ఉందని ఆ సంఘటన చాటుతోంది.

ఈ భావాన్ని ధర్మశాస్త్ర విద్వాంసులు శాసనంగానే రాసి ఉంచారు. సుల్తానుల్ ఉలమాగా పేరుగాంచిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్, హిజ్రీ 660లో (క్రీ.శ. 1262) పరమపదించారు. మనిషిపై జంతువులకు ఉన్న హక్కులను పేర్కొంటూ ఆయన మొట్టమొదట రాసినది పోషణ గురించే. జంతువు వ్యాధిగ్రస్తమై, చేవ చచ్చి, దాని వల్ల ఏ ప్రయోజనమూ లేని స్థితికి చేరినా దానికి తగిన పోషణ ఖర్చు యజమాని భరించవలసిందేనని ఆయన స్పష్టం చేశారు. మూగజీవాల పట్ల దయ అన్నది పాశ్చాత్యుల నుండి మనం ఈ మధ్య నేర్చుకున్న పాఠమని తలచేవారు ఈ సంవత్సరాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

ఇక పరిశుభ్రత విషయానికి వద్దాము. కోడలి ఆందోళన న్యాయమైనదే. దానికి కూడా మార్గదర్శకత్వం ఉంది. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ కోసం కోడలు కబ్షా నీళ్ళు పోసి ఇచ్చింది. అంతలో ఒక పిల్లి వచ్చింది. అది తాగేందుకు వీలుగా ఆయన పాత్రను వంచి పట్టుకున్నారు. ఆమె వింతగా చూడడం గమనించి, పిల్లి అశుద్ధమైనది కాదని, అది మీ మధ్య తిరుగాడే ప్రాణులలోనిదని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు తెలిపారు. ముఅత్తా, అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఈ ఉల్లేఖనం ఉంది. మరొక సందర్భంలో హజ్రత్ ఆయిషా (రజి) ఇంటికి ఒకరు హరీస పంపారు. మన హలీమ్‌కు అది పెద్దక్క అనుకోండి. ఆమె నమాజులో ఉండగా పిల్లి వచ్చి అందులో మూతి పెట్టింది. నమాజు ముగించి ఆమె పిల్లి తిన్న చోటు నుండే తిన్నారు. దైవప్రవక్త (స) పిల్లి తాగగా మిగిలిన నీటితో వుజూ చేయడం తాను చూశానని కూడా చెప్పారు.

మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ పద్ధతిలో, వేరే నీరు ఉండగా పిల్లి ఎంగిలి నీటితో వుజూ చేయడం స్వల్పంగా అయిష్టకరం. నిషిద్ధం మాత్రం కాదు. బట్టలకు పిల్లి వెంట్రుకలు అంటుకున్నంత మాత్రాన నమాజు చెడదు. అయితే మూత్రం సంగతి వేరు. అది నిస్సందేహంగా అశుద్ధం. చాపను, బట్టను కడిగి శుభ్రపరచవలసిందే. నమాజు చాపను మడిచి పిల్లికి అందని ఎత్తులో ఉంచుకుంటే సమస్య సగం తీరుతుంది. మిగతా సగం తీరాలంటే పిల్లి అలా ఎందుకు చేస్తోందో అర్థం చేసుకోవాలి.

పిల్లి స్వభావతః శుభ్రమైన ప్రాణి. మెలకువగా ఉన్న సమయంలో పెద్ద భాగాన్ని ఒళ్ళు నాకుకోవడానికే వెచ్చిస్తుంది. దాని నాలుక మీద లోపలి వైపుకు వంగిన సన్నని ముళ్ళ వంటి నిర్మాణాలను సృష్టికర్త అమర్చాడు. అదే దాని దువ్వెన. అటువంటి జీవి శుభ్రత మానివేసిందంటే అది సోమరితనమూ కాదు, పొగరూ కాదు. చాలా సందర్భాలలో కారణం కీళ్ళ నొప్పులు. మెడ వెనక్కి తిప్పలేదు, నడుము వంచలేదు. అందుకే వీపు మీద, తోక మొదట్లోనే వెంట్రుకలు ఉండలు కడతాయి. పంటి జబ్బు ఉంటే నాలుక చాచడమే బాధాకరం. మూత్రపిండాల వ్యాధి ముసలి పిల్లులలో సర్వసాధారణం: నీళ్ళు ఎక్కువగా తాగుతుంది, మూత్రం ఎక్కువగా పోస్తుంది, చిక్కిపోతుంది. బాగా తింటూనే చిక్కిపోతుంటే థైరాయిడ్ దోషమూ కావచ్చు. తన బాధను దాచుకోవడం పిల్లి నైజం. చెదిరిన వెంట్రుకలే దాని మూలుగు. ఆ మూలుగును మనం దుర్వాసనగా మాత్రమే గుర్తిస్తున్నాము.

జంతువు తనంతట తాను చేసుకోలేని శుభ్రతను మనిషి చేయడం నామోషీ అనుకునేవారికి రెండు విషయాలు. దైవప్రవక్త (స) తన వస్త్రంతో స్వయంగా తన గుర్రం ముఖాన్ని తుడిచారని ఇమామ్ మాలిక్ ముఅత్తాలో నమోదు చేశారు. అదే గ్రంథంలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఒక వ్యక్తికి చేసిన హితవు ఉంది: గొర్రెలను బాగా చూసుకోమని, వాటి ముక్కు చీమిడి తుడవమని, అవి పడుకునే చోటును శుభ్రం చేయమని. అబూ హురైరా అంటే పిల్లికూన తండ్రి అని అర్థం. చిన్ననాడు ఇంటివారి గొర్రెలను కాస్తూ ఒక పిల్లికూనను వెంట తిప్పుకున్నందుకు వచ్చిన పేరు అది. వేలాది హదీసులను మనకు అందించిన ఆ మహనీయుడు చీమిడి తుడవడాన్ని చిన్న పనిగా తలచలేదు.

ఇక్కడ ఒక మాట. దైవప్రవక్త (స) తన చొక్కా చేతిపై నిద్రిస్తున్న పిల్లిని లేపలేక ఆ చేతిని కత్తిరించారనే కథ మనవాళ్ళు ముచ్చటగా చెబుతుంటారు. ప్రామాణిక హదీసు గ్రంథాలలో అది కనిపించదు. పిల్లిని ప్రేమించడం విశ్వాసంలో భాగమన్న మాట కూడా కల్పితమేనని హదీసు విద్వాంసులు తేల్చారు. దైవప్రవక్త (స) పేరుతో లేని మాటలు చెప్పవలసిన అవసరం మనకు లేదు. ఉన్నవాటిని ఆచరిస్తే చాలు.

మరి ఆచరణ ఎలా? ఉండలు కట్టిన వెంట్రుకలను కత్తెరతో కత్తిరించబోకండి. ముసలి పిల్లి చర్మం కాగితంలా పలుచగా ఉంటుంది. ఉండతో పాటు చర్మమూ పైకి లాగబడి ఉంటుంది. కత్తెర చర్మాన్నే కోస్తుంది. చిన్న ఉండలను వేళ్ళతో కొద్దికొద్దిగా విడదీసి, పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెనతో చివరి నుండి మొదటికి దువ్వాలి. ఒక్క రోజులో అంతా ముగించాలని పట్టుబట్టకుండా రోజుకు నాలుగైదు నిమిషాలు చాలు. చర్మానికి అతుక్కుపోయిన పెద్ద ఉండలను పశువైద్యుడి చేత యంత్రంతో తీయించాలి. వెనుక భాగాన్ని గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన మెత్తని గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దాలి. బకెట్టు నీళ్ళు కుమ్మరించి స్నానం చేయించడం చలికాలంలో దాని ప్రాణానికే ముప్పు. గోళ్ళు చూడండి. ముసలి పిల్లి చెట్టును గీరదు కనుక గోరు పెరిగి వంపు తిరిగి పాదం మెత్తలోకే దిగబడుతుంది. ప్రతి అడుగూ ముల్లు మీద వేసినట్లే.

మూత్రానికి అంచు తక్కువగా ఉన్న తట్టలో ఇసుక పోసి, అది పడుకునే చోటికి దగ్గరగా పెట్టండి. ఎత్తైన అంచు ఎక్కలేకనే అది చాపను వెదుక్కుంటోంది. తిండిని మెత్తగా చేసి పెట్టండి. నీళ్ళ గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి. పిల్లికి పాలు పోయడమే పుణ్యమనుకుంటాము గాని, ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక. నొప్పితో ఉందని జాలిపడి మనం వేసుకునే పారాసెటమాల్ మాత్రను పిల్లికి వేయకండి. దాని కాలేయం ఆ మందును అరిగించలేదు. ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. కుక్కల పిడుదుల కోసం అమ్మే పెర్మెథ్రిన్ మందు పిల్లికి విషం. ఫినాల్ కలిసిన ఫినాయిల్‌తో దాని చోటును కడగడం, దాని ఒంటికి కిరోసిన్ రాయడం కూడా ప్రమాదమే. దయ ఉండి జ్ఞానం లేకపోతే దయే హంతకురాలవుతుంది. మండల పశువైద్యులు రోజూ చూసేది గేదెలను, గొర్రెలను, మేకలను. అయినా పిల్లిని చేతిలో పట్టుకుని వెళ్ళడానికి సిగ్గుపడనక్కరలేదు. అక్కడ సాధ్యం కాని వైద్యానికి సిద్దిపేట ఉంది. అంతకు మించిన అవసరం వస్తే హైదరాబాదు నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. మాన్పలేని తీవ్రమైన బాధలో ఉన్న జంతువు విషయంలో ఏమి చేయాలన్నది వేరే ప్రశ్న. దానిని వైద్యుడిని, విద్వాంసులను సంప్రదించి తేల్చుకోవాలి గాని గోనెసంచితో కాదు.

ఈ పనులన్నీ కోడలి నెత్తిన వేసి మనం మస్జిదులో తస్బీహ్ తిప్పుతూ కూర్చోవడం కూడా న్యాయం కాదు. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నంతసేపు ఇంటివారి పనుల్లో సాయపడేవారని, నమాజు వేళకు బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఇషా తరువాత ఫోను పక్కన పెట్టి ఐదు నిమిషాలు దువ్వెన పట్టడం ఏ పురుషుడికీ తలవంపు కాదు.

మరొక సంగతి చెప్పకుండా ఉండలేము. ఆ ఇంట్లో పిల్లి గురించి చర్చ జరుగుతున్నప్పుడు పెద్దావిడ పక్క గదిలోనే మంచం మీద ఉంది. కీళ్ళ నొప్పులు ఆమెకూ ఉన్నాయి. రాత్రి లేచి వెళ్ళలేని ఇబ్బంది ఆమెకూ ఉంది. తల దువ్వుకోవడానికి చేతులు పైకెత్తలేక ఆమె కూడా మరొకరి కోసం ఎదురుచూస్తుంది. "ఇక దేనికి పనికొస్తుంది, కంపు కొడుతోంది, ఎక్కడైనా వదిలేద్దాం" అన్న మాటలు గోడ దాటి ఆమె చెవిన పడినప్పుడు, అవి ఒక్క పిల్లి గురించేనని ఆమె మనసు నమ్ముతుందా? మనిషిని బలహీనతలో పుట్టించి, తరువాత బలమిచ్చి, మళ్ళీ బలహీనతకు, నెరసిన తలకు చేర్చేది తానేనని అల్లాహ్ అర్-రూమ్ సూరా 54వ ఆయతులో తెలియజేశాడు. వృద్ధాప్యానికి చేరిన తల్లిదండ్రుల ఎదుట విసుగు ధ్వనించే చిన్న మాట కూడా పలుకవద్దని బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయతులో ఆజ్ఞాపించాడు. ఆ విసుగును నేరుగా ఆమెపై చూపకుండా పిల్లిపై చూపినా, వినే చెవి ఒక్కటే.

హిజ్రీ ఐదవ శతాబ్దపు ఈజిప్టు వ్యాకరణ పండితుడు ఇబ్న్ బాబషాజ్ గురించి చరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ ఒక సంఘటనను నమోదు చేశారు. ఆయన ఒక మస్జిదు పైకప్పు మీద మిత్రులతో భోజనం చేస్తుండగా ఒక పిల్లి వచ్చింది. ముక్క వేస్తే నోట కరచుకుని పోయి, వెంటనే మళ్ళీ వచ్చింది. అలా పలుమార్లు జరిగేసరికి వారు ఆశ్చర్యపడి దాని వెంట వెళ్ళారు. పాడుబడిన ఒక చోట ఒక గుడ్డి పిల్లి ఉంది. తెచ్చిన ముక్కలను ఇది దాని ముందు పెడుతోంది. గుడ్డి పిల్లికే ఆహారం చేర్చే ప్రభువు తనను మరచిపోతాడా అని ఆ పండితుడు కొలువు మానుకుని దైవంపై భారం వేశాడట. ఆయన గుడ్డి పిల్లి నుండి నేర్చుకున్నాడు. గౌరవంతోనే చెబుతున్నాము, మా దృష్టి మాత్రం రెండవ పిల్లి మీదనే నిలుస్తుంది. అల్లాహ్ ఉపాధి ఇస్తాడు, నిజమే. ఎవరి నోటి ద్వారా పంపుతాడో అన్నదే మన పరీక్ష.

చివరి రోజులు వచ్చినప్పుడు దానిని వెచ్చని మూలలో, అలవాటైన గుడ్డ మీద, నీటి గిన్నెకు దగ్గరగా ఉంచండి. పిల్లలను తరిమివేయకుండా నెమ్మదిగా నిమరనివ్వండి. ప్రాణం పోయాక మురికి కాలువలోనో రోడ్డు పక్కనో విసరకుండా, కుక్కలు తవ్వలేనంత లోతుగా గొయ్యి తీసి పూడ్చండి.

ఓ అల్లాహ్! మా ఇళ్ళలోని మూగజీవులకు మా చేతుల వల్ల బాధ కలుగకుండా కాపాడు. మా ఇళ్ళలోని వృద్ధులకు మా మాటల వల్ల నొప్పి కలుగకుండా కాపాడు. మా చేతులు పైకి లేవని రోజున మా తల దువ్వే చేతులను మాకు ప్రసాదించు. ఆమీన్.